ఓనర్ ఫ్లాట్ అమ్మేశారు, కొన్నాయన నెలాఖరుకి ఖాళీ చెయ్యమంటున్నారు

కుట్టుమిషను_మూసాపేట (ఫిబ్రవరి 9)

అందరికీ నమస్కారం. మేము మూసాపేటలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాం. 2023 జూన్‌లో దిగాం. అద్దె 14,000, మెయింటెనెన్స్ వేరే. అడ్వాన్సు 28,000 ఇచ్చాం. వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకున్నాం. అది అయిపోయాక మళ్లీ రాద్దామని మా ఆయన అడిగితే, "మనలో మనకి కాగితాలెందుకమ్మా, మీరు ఎప్పుడూ లేటు చెయ్యరు కదా" అని ఓనరే అన్నారు. పోయిన ఏడాది నోటిమాట మీదే అద్దె 15,000 చేశారు. ప్రతినెలా అయిదో తారీఖులోపు ఫోన్‌పే కొడుతున్నాం. ఇంతవరకు ఒక్క మాట పడలేదు.

మొన్న ఆదివారం పొద్దున ఓనరు, ఆయన వెంట ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకతని చేతిలో టేపు. నేను పొయ్యి మీద పప్పు పెట్టి ఉన్నాను. ఆ అబ్బాయి నేరుగా వంటింట్లోకి వచ్చి, "కొంచెం జరగండి మేడమ్, చిమ్నీకి కొలత తీసుకోవాలి" అన్నాడు. గట్టు కొలిచాడు, అటక కొలిచాడు, సింకు కిందికి కూడా వంగి చూశాడు. అప్పుడు మా ఓనరు నిదానంగా చెప్పారు, ఫ్లాట్ అమ్మేశామని, రిజిస్ట్రేషన్ కూడా అయిపోయిందని. కొన్నాయన ఆ రాత్రే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు: "ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. మార్చి ఒకటి నుంచి మా ఇంటీరియర్ వాళ్లు పని మొదలుపెడతారు."

మా బాబు పదో తరగతి. మార్చిలో పరీక్షలు. బడి ఇక్కడికి నడిచి వెళ్లే దూరం. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, పెళ్లిళ్ల సీజను ఆర్డర్లు ఒప్పుకుని ఉన్నాను. ఇరవై రోజుల్లో ఇల్లు వెతికి, సామాను సర్ది, కొత్త అడ్వాన్సు ఎక్కడి నుంచి తేవాలి? పాత ఓనరుని మా అడ్వాన్సు అడిగితే "ఇల్లు ఆయనదైపోయింది, ఆయన్నే అడగండి" అంటారు. ఈయన్ని అడిగితే "నా చేతికి మీరు ఇచ్చారా?" అంటారు.

అగ్రిమెంట్‌లో ఇరువైపులా రెండు నెలల ముందు చెప్పాలని రాసి ఉంది. అది ఇప్పుడు పనికొస్తుందా? ఒకవేళ వీళ్లు తాళం మార్చేస్తే ఏం చెయ్యాలి? మార్చి అద్దె ఎవరికి కట్టాలి? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

---

మల్కాజ్‌గిరి_మాస్

ఏం కాదక్కా, లైట్ తీసుకోండి. అద్దె కడుతున్నంత కాలం ఎవడూ కదిలించలేడు. మా మేనమామ వాళ్లు పద్దెనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నారు. పన్నెండేళ్లు దాటితే ఇల్లు మనదే అయిపోతుందని చట్టమే ఉంది.

---

వకీలు_కూకట్‌పల్లి

పైన పన్నెండేళ్ల మాట చెప్పిన తమ్ముడికి ఒక దండం. అద్దెకి దిగినవాడు ఓనరు అనుమతితో ఉన్నవాడు. పన్నెండేళ్లు కాదు, నలభై ఏళ్లున్నా అద్దెదారు అద్దెదారే. అనుమతితో ఉన్నవాళ్లకి ఆ రూలు వర్తించదు. అమ్మా, ఈ మాట కొత్త ఓనరు ముందు సరదాకి కూడా అనకండి. ఇల్లు కాజేసే ఆలోచనలో ఉన్నారని ఆయన బెదిరిపోతే ఇక ఏ బేరమూ సాగదు.

ఇక మీ సంగతి. పదకొండు నెలలు తీరిన రోజునే ఓనరు ఇల్లు ఖాళీ చెయ్యమని ఉంటే లెక్క వేరు. గడువుతో లీజు దానంతటదే ముగుస్తుంది, దానికి వేరే నోటీసు కూడా అక్కర్లేదు. కానీ ఆయన ఆ తర్వాత కూడా నెలనెలా అద్దె తీసుకున్నారు, పైగా పెంచి మరీ తీసుకున్నారు. దాంతో మీరు నెలవారీ అద్దెదారు అయ్యారు. ఆస్తి బదిలీ చట్టం, 1882లో 116వ సెక్షన్ ఇదే చెబుతుంది. అదే చట్టం 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ అద్దెదారుని లేవమనాలంటే 15 రోజుల నోటీసు ఇవ్వాలి. రాతలో ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. పోస్టులో పంపాలి, లేదా మీ చేతికో మీ ఇంట్లోవాళ్ల చేతికో ఇవ్వాలి. అదీ కుదరకపోతే ఇంటికి కనబడేలా అంటించాలి. మీకొచ్చిన వాట్సాప్ మెసేజ్ ఈ లెక్కలో నోటీసు కాదన్నది నా అభిప్రాయం. అవతలి లాయరు కాదనొచ్చు. ఆ మెసేజ్ మాత్రం డిలీట్ చెయ్యకండి.

రెండు నెలల షరతు సంగతి. ఆ 15 రోజులనేది వేరే ఒప్పందం లేనప్పుడు వర్తించే లెక్క. హోల్డింగ్ ఓవర్‌లో, అంటే గడువు తీరాక కూడా ఓనరు అద్దె తీసుకుంటూ ఉండనిచ్చినప్పుడు, పాత షరతులే కొనసాగుతాయి కాబట్టి రెండు నెలలు కావాలని మీరు వాదించవచ్చు, వాదనలో బలం ఉంది. అయితే ఈ ఒక్క పాయింటు పట్టుకుని కోర్టుకెక్కమని నేను చెప్పను. ఇదివరకు నోటీసు గడువు అద్దె నెల ఆఖరి రోజుతో సరిగ్గా ముగియకపోతే దావా కొట్టేసేవారు. మా సీనియర్లు ఒక్క రోజు తేడా పట్టుకుని కేసులు గెలిచేవారు. 2002 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణతో ఆ ఆట కట్టయింది. ఇప్పుడు నోటీసు చేతికందిన రోజు నుంచి లెక్క. నోటీసులో గడువు తక్కువ రాసినా, దావా వేసేనాటికి అసలు గడువు దాటి ఉంటే చెల్లుతుంది.

రెంట్ కంట్రోల్ అని ఎవరైనా చెబితే ఆశ పెట్టుకోకండి. మన తెలంగాణలో ఉన్న 1960 అద్దె నియంత్రణ చట్టం ఓనరు కారణం చూపితేనే ఖాళీ చేయిస్తుంది. సొంతానికి కావాలనో, అద్దె ఎగ్గొట్టారనో, ఇంకొకరికి ఇచ్చేశారనో నిరూపించాలి. కానీ 2005 సవరణ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటిన ఇళ్లకి ఆ చట్టం వర్తించదు. ఇవాళ మూసాపేటలో 3,500కి సింగిల్ రూమ్ కూడా రాదు. అది పాత అద్దెలతో నడిచే పాత దుకాణాలవాళ్లకి పనికొస్తుంది కానీ మీకు కాదు.

అంటే నోటీసు పద్ధతిగా వస్తే మీరు లేవాల్సిందే. కానీ నోటీసు వచ్చిన పదహారో రోజున వచ్చి సామాను బయటపడేసే హక్కు ఎవరికీ లేదు. మీరు లేవకపోతే ఆయన కోర్టులో దావా వెయ్యాలి, డిక్రీ, అంటే కోర్టు తీర్పు తెచ్చుకోవాలి, అమీను అనే కోర్టు ఉద్యోగి ద్వారా స్వాధీనం తీసుకోవాలి. తాళం మార్చడం, కరెంటు తీసెయ్యడం, నీళ్లు ఆపడం ఇవేవీ కుదరవు. అద్దెదారుకి కరెంటు కనీస అవసరం, ఓనరు ఒప్పుకోలేదన్న కారణంతో దాన్ని నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2022లో దిలీప్ వర్సెస్ సతీశ్ కేసులో చెప్పింది. బలవంతంగా బయటికి గెంటేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి తెచ్చుకోవచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న ఆ దావాలో రాదు. తాళం పగలగొట్టి లోపలికొస్తే అది సివిల్ గొడవ కాదు, నేరం. 100కి ఫోన్ చెయ్యండి. స్టేషన్‌లో "ఇది సివిల్ మ్యాటర్ అమ్మా" అంటారు. అప్పుడు, ఇల్లు మీకివ్వమనడం లేదని, మీరు ఇంట్లో ఉండగా తాళం పగలగొట్టారని స్పష్టంగా రాసివ్వండి. రసీదు తీసుకోండి.

మార్చి అద్దె, అడ్వాన్సు రెండూ ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్‌లో ఉన్నాయి. ఇల్లు అమ్మితే మీ అద్దె ఒప్పందం రద్దు కాదు. కొన్నాయన పాత ఓనరు స్థానంలోకి వస్తారు. మీరు కోరుకుంటే బాధ్యతలు కూడా ఆయన మీదికే వెళతాయి. అమ్మినంత మాత్రాన పాతాయన బాధ్యత ఎగిరిపోదు. "ఆయన్నే అడగండి" అని ఇద్దరూ చేతులు దులుపుకోవడం కుదరదు. అమ్మిన సంగతి మీకు ఇప్పుడు తెలుసు కాబట్టి ఇకపై అద్దె కొత్తాయనకే కట్టాలి. తెలియకముందు పాతాయనకి కట్టింది మళ్లీ అడగకూడదు. ముందుగా సేల్ డీడ్ జిరాక్సు ఒకటి అడిగి తీసుకోండి. అడ్వాన్సు ఎవరి దగ్గరుందో ఇద్దరి చేతా ఒక కాగితం మీద రాయించుకోండి. ఆ కోపంలో మార్చి అద్దె మాత్రం ఆపకండి. అద్దె బాకీ పడితే మీరు చెప్పే న్యాయం ఎవరూ వినరు.

---

రెండు_పోర్షన్ల_ఓనర్

వకీలు గారు చెప్పిందంతా నిజమే. అవతలి పక్క మాట కూడా ఒకటి చెప్పనివ్వండి. నేను రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని, అల్వాల్‌లో ఇంటి కింద రెండు పోర్షన్లు అద్దెకిస్తాను. మాకు కూడా ఇలాంటి నోటీసు ఇవ్వాల్సి వచ్చింది, మా అమ్మాయి పురిటికి వస్తుంటే. లాయరు నోటీసు పంపితే ఆ పోర్షన్ ఆయన "డోర్ లాక్డ్" అని మూడుసార్లు తిప్పి పంపించారు. ఇప్పుడు రిజిస్టర్డ్ పోస్టు లేదు, 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ ట్రాకింగ్ కాగితం, తిరిగొచ్చిన కవరు దాచుకున్నాం. సరైన అడ్రసుకి పంపిన పోస్టు తీసుకోకుండా తప్పించుకుంటే అందినట్టే లెక్క అని మా లాయరు చెప్పారు. కాబట్టి అమ్మా, పోస్టుమ్యాన్ వస్తే తలుపు తియ్యండి. తప్పించుకుంటే మీకే నష్టం.

ఓనర్లకి ఇంకో మాట. నోటీసు ఇచ్చాక మామూలుగా అద్దె తీసుకుంటే, నోటీసు మీరే వదులుకున్నారని అద్దెదారు లాయరు అదే ఆస్తి బదిలీ చట్టంలో 113వ సెక్షన్ ఎత్తుతాడు. అందుకని మేము రసీదులో "అద్దెగా కాదు, ఇంట్లో ఉన్నందుకు పరిహారంగా, మా హక్కులకి భంగం లేకుండా" అని రాసిచ్చాం.

ఈ కేసులో నాకు పాత ఓనరు మీదే అనుమానం. ఖాళీ ఇల్లు ఇస్తానని కొన్నాయనకి సేల్ అగ్రిమెంట్‌లో రాసిచ్చి ఉంటాడు. కొన్నాయనకి బ్యాంకు ఈఎమ్‌ఐ మొదలై ఉంటుంది, ఇక్కడ అద్దె, అక్కడ ఈఎమ్‌ఐ. ఆయన కంగారు అది. ఆయన్ని విలన్ని చెయ్యకండి. పాత ఓనరుని కూర్చోబెట్టండి, డబ్బు ఆయన దగ్గరే ఉంది.

---

బెజవాడ_బాబు

మాది విజయవాడ. ఇక్కడ 2017లోనే ఇళ్ల అద్దెల మీద కొత్త చట్టం తెచ్చారు కాబట్టి పైన చెప్పిన 1960 చట్టం సంగతి ఆంధ్రాలో ఉన్నవాళ్లు యథాతథంగా తీసుకోకండి. దయచేసి పోస్టులో ఏ ఊరో రాయండి, సగం సలహాలు వేరే రాష్ట్రానికి పోతున్నాయి.

---

కుట్టుమిషను_మూసాపేట (ఫిబ్రవరి 12)

వకీలు గారికి, అల్వాల్ అంకుల్‌కి చాలా థ్యాంక్స్. నిన్న కొత్త ఓనరు వాళ్ల తమ్ముడు వచ్చాడు. గొంతు పెంచి మాట్లాడాడు. "ఇంట్లో బిజినెస్ నడుపుతున్నారు, అగ్రిమెంట్‌లో నివాసానికి మాత్రమే అని ఉంది, కేసు పెడితే బయటికి రావాల్సిందే" అన్నాడు. నా మిషను ఫోటో కూడా తీశాడు. ఇంకోటి, కొత్త చట్టం ప్రకారం నెల దాటితే రెట్టింపు అద్దె కట్టాలట. నిజమేనా? నాది ఒక్క మిషను, హాల్లో కిటికీ పక్కన. బోర్డు కూడా లేదు.

---

వకీలు_కూకట్‌పల్లి

ఇంటిని ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడకూడదన్న రూలు ఉంది, నిజమే. బోర్డు లేదు, పనివాళ్లు లేరు, హాల్లో ఒక్క మిషను. దీన్ని ఇంటి వాడకం మారిపోయిందని నిరూపించడం ఆయనకి తేలిక కాదు. అసలు తమాషా ఏమిటంటే ఆయనకి ఆ కారణం అక్కర్లేదు. నెలవారీ అద్దెదారుకి ఏ కారణమూ చెప్పకుండా నోటీసు ఇవ్వొచ్చు. కారణాలు వెతుకుతున్నారంటే ఇంకా ఏ లాయరునీ కలవలేదని అర్థం.

రెట్టింపు అద్దె అన్నది 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టంలోది. అందులో గడువు దాటిన మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగు రెట్లు అని ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. వాట్సాప్‌లో తిరిగే వీడియోలు చూసి చెప్పి ఉంటాడు. ఇలా అన్నానని ధైర్యంగా ఏడాది కూర్చోకండి. పద్ధతైన నోటీసు గడువు దాటాక ఉన్న కాలానికి కోర్టు పాత 15,000 లెక్కే కట్టాలని లేదు. ఆ ఏరియాలో ఇప్పుడు నడిచే అద్దె లెక్కన నష్టపరిహారం వెయ్యొచ్చు. దావా ఏళ్లు సాగితే అదే పెద్ద మొత్తం అవుతుంది. దీన్ని సాగదీయమని చెప్పే లాయరు దొరుకుతాడు, ఫీజు కూడా తీసుకుంటాడు. నేను చెప్పను.

మీకు కావాల్సింది ఎన్ని రోజులు? బాబు పరీక్షలు అయ్యేదాకా. అదే అడగండి. ఏప్రిల్‌లో ఫలానా తారీఖున తాళాలిస్తాం, అదే రోజు అడ్వాన్సు మా చేతిలో పెట్టాలి, అప్పటిదాకా పనివాళ్లు లోపలికి రాకూడదు. ఈ మూడూ కాగితం మీద రాయించండి. పాత ఓనరు, కొత్త ఓనరు, మీ ఆయన, మీరు నలుగురూ సంతకాలు. తారీఖు ఒప్పుకుని రాసిచ్చాక మాట తప్పితే మాత్రం ఆ కాగితమే మీకు ఎదురు తిరుగుతుంది, కాబట్టి నిజంగా లేవగలిగిన తారీఖే రాయండి.

మాట వినకుండా తాళం దాకా వస్తే, చట్టప్రకారం తప్ప ఖాళీ చేయించకూడదని కోర్టు ఆపుదల ఉత్తర్వు కోసం ఇంజంక్షన్ దావా వెయ్యొచ్చు. దానికి కావాల్సినవి ఇప్పుడే ఒక కవర్లో పెట్టుకోండి. అగ్రిమెంట్, ఫోన్‌పే చెల్లింపుల ప్రింటు, మీరు కట్టిన కరెంటు బిల్లులు, గ్యాస్ బుక్కు, ఆ వాట్సాప్ స్క్రీన్‌షాట్. లాయరు ఫీజు గురించి భయపడకండి. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 చట్టంలోనే రాసి ఉంది. 15100కి ఫోన్ చెయ్యండి, లేదా కోర్టులో ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లండి. దావా దాకా పోకుండా ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టే ఏర్పాటు కూడా అక్కడే ఉంది.

---

మల్కాజ్‌గిరి_మాస్

అయితే మా మేనమామ వాళ్ల సంగతేంటి సార్? వాళ్ల అద్దె 2,800, పాత ఇల్లు.

---

వకీలు_కూకట్‌పల్లి

తమ్ముడూ, వాళ్లకి 1960 చట్టం వర్తించే అవకాశం ఉంది. అద్దె రసీదులు చూపించమను. ఇల్లు మాత్రం వాళ్లది కాదు.

---

కుట్టుమిషను_మూసాపేట (ఫిబ్రవరి 22)

అప్‌డేట్ అడిగినవాళ్లందరికీ. నిన్న పాత ఓనరు వాళ్లింట్లో కూర్చున్నాం. అల్వాల్ అంకుల్ చెప్పినట్టే అయింది, ఫిబ్రవరి నెలాఖరుకి ఖాళీగా ఇస్తానని కొన్నాయనకి ఆయన రాసిచ్చారు, మాకు ఒక్క మాట చెప్పలేదు. కొన్నాయన భార్య నాతో విడిగా మాట్లాడింది. వాళ్లకీ ఎల్‌కేజీ పాప ఉంది, జూన్ లోపల ఇటు మారాలని వాళ్ల ఆరాటం. చిమ్నీ ఎప్పుడు పెడితే ఏముంది అని ఆవిడే వాళ్లాయన్ని కసిరింది.

ఏప్రిల్ 20కి ఖాళీ చేస్తాం. మార్చి అద్దె కొత్తాయనకి, ఏప్రిల్‌కి ఇరవై రోజుల అద్దే. అడ్వాన్సు 28,000 పాత ఓనరే తాళాలిచ్చే రోజు ఇవ్వాలి, పెయింట్ పేరుతో కోత లేదు. ఎందుకంటే ఎలాగూ గోడలన్నీ పగలగొడుతున్నారు. ఈ పెయింట్ మాట మా ఆయనే గట్టిగా పట్టుబట్టి రాయించాడు. కాగితం ఫోటో వకీలు గారికి మెసేజ్‌లో పంపాను.

---

వకీలు_కూకట్‌పల్లి

చూశాను. బాగానే రాశారు. ఒక్క లైను కలపండి: ఏప్రిల్ 20 సాయంత్రం లోపు అడ్వాన్సు అందకపోతే, అందేదాకా తాళాలు మీ దగ్గరే ఉంటాయని, ఆ ఆలస్యానికి అద్దె లెక్కకట్టకూడదని. నలుగురూ మళ్లీ ఆ లైను పక్కన సంతకం పెట్టాలి.

---

రెండు_పోర్షన్ల_ఓనర్

తాళాలిచ్చే ముందు కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసుకోండమ్మా, తారీఖు పడేలా. మెయింటెనెన్స్ బాకీ లేదని అసోసియేషన్ వాళ్ల దగ్గర చీటీ కూడా రాయించుకోండి. మూసాపేట, భరత్‌నగర్ వైపు రెండు నెలల అడ్వాన్సుకే ఒప్పుకునే ఇల్లు ఏదైనా తెలిస్తే ఇక్కడే పెడతాను.